ఏ సెక్రటరీ గారు?

2025 జూన్ 9, సోమవారం

మృగశిర కార్తె వచ్చింది. వాన లేదు గానీ గాలి మారింది. సోమవారం కాబట్టి మండలాఫీసు ముందు జనం బాగానే ఉన్నారు. ఈ సోమవారం అర్జీలకి ప్రభుత్వానికో పేరు. ఒకప్పుడు ‘మీ కోసం’, ఆ తర్వాత ‘స్పందన’, ఇప్పుడు ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’. టీకొట్టు దగ్గర మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: గ్రీవెన్సు. సంతకం పెట్టడం రానివాళ్లు కూడా “గ్రీవెన్సులో ఇచ్చొచ్చాం” అంటారు.

పెదపరిమి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. భర్త పోయాడు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలి. ‘తహసీల్దారు గారికి’ అని మొదలుపెట్టి నేను రాసిన అర్జీ చదివి వినిపించాను. ఆవిడకి నచ్చలేదు.

“ఆయనెవరు మాస్టారూ? నాకు ఎమ్మార్వో గారికి రాసిపెట్టండి.”

“ఇద్దరూ ఒకరేనమ్మా.”

“ఒకరే అయితే ఎమ్మార్వో అనే రాయండి. ఆయన దగ్గరయితే పని అవుద్ది.”

రెండూ పక్కపక్కనే రాసి ఇచ్చాను. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. 1985 మే 25న తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అంతకు ముందు ఒక సంతకం కావాలంటే సద్దిమూట కట్టుకుని, బస్సెక్కి, తాలూకా ఆఫీసు అరుగు మీద పడిగాపులు పడాలి. మండలం వచ్చాక ఆ కుర్చీ మన ఊళ్లోకే వచ్చింది. వచ్చినాయన పేరు మండల రెవెన్యూ అధికారి, పొట్టిగా ఎమ్మార్వో. పనితోపాటు పేరు కూడా వచ్చింది, అందుకే నాలుకకు పట్టింది. తర్వాత ప్రభుత్వం పాత ‘తహసీల్దారు’ని తిరిగి తెచ్చి బోర్డుల మీద రాయించింది. కుర్చీ అంగుళం కదల్లేదు. కుర్చీ కదలనప్పుడు జనం నాలుక మాత్రం ఎందుకు కదులుతుంది?

జూన్ 11, బుధవారం

పాత ట్రంకుపెట్టె ఎండకు పెడితే మా తాత రాసుకున్న అర్జీ నకలొకటి బయటపడింది. వానల్లేక మెట్ట చేను ఎండింది, శిస్తులో వజా ఇప్పించమని. సగం కాగితం సంబోధనకే పోయింది. దొరవారి దివ్యసముఖమునకు, తమ పాదధూళి, చిత్తగించవలెను... అడగదల్చుకున్న మాట మూడే పంక్తులు.

అప్పట్లో మనవాళ్లయితే పేరు ముందు మ.రా.రా.శ్రీ. మహారాజరాజశ్రీ అన్నమాట. తెల్లాయన అయితే పేరు వెనక దొరవారు. కచేరీలో దస్త్రాలు మోసే గుమాస్తా కూడా కాగితం మీద మహారాజే!

కాగితం వెనకవైపు పెన్సిల్ లెక్క ఇంకా చెరగలేదు.

బంట్రోతుకు 0-4-0
డఫేదారుకు 0-8-0
గుమాస్తాకు 1-0-0
నిమ్మకాయలు 0-1-0

దొర చేతికి చేరింది ఆ నిమ్మకాయలే అయ్యుండాలి. దర్శనానికి పోయినవాళ్లు నిమ్మకాయ చేతిలో పెట్టి దణ్ణం పెట్టడం ఆనవాయితీ.

బంట్రోతు అంటే ఇప్పటి పిల్లలకి సినిమాలో తిట్టులా వినపడుతుంది గానీ, బిళ్ల బంట్రోతు ఊళ్లోకొస్తే ఆ హడావుడే వేరు. భుజం మీంచి అడ్డంగా డవాలు, దాని మీద తళతళలాడే ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద ఆఫీసు పేరు. మనిషిని ఎవరూ చూసేవాళ్లు కాదు, బిళ్లనే చూసేవాళ్లు.

తాత లెక్కలో ఉన్న వరస మన జిల్లా చరిత్రలోనూ ఉంది. 1832-33లో డొక్కల కరువు గుంటూరు సీమని తుడిచిపెట్టింది. ఆ తర్వాత ఏళ్లు గడిచినా శిస్తు కోలుకోలేదు. లోపం ఎక్కడుందో తేల్చమని మద్రాసు ప్రభుత్వం వాల్టర్ ఇలియట్‌ని పంపింది. 1845లో అమరావతి దిబ్బ తవ్వించి శిల్పాలు మద్రాసు చేర్చినాయన ఆయనే. మనవాళ్లకి ఆ రాళ్ల సంగతే గుర్తుంది. కచేరీలో ఆయన తవ్వి తీసింది వేరే. కలెక్టర్లు వచ్చి పోతుంటారు, హుజూరు శిరస్తాదారూ ఆయన బంధుబలగమూ ఉండిపోతారు. లెక్కలు వాళ్ల గుప్పిట్లో, సంతకం దొరది. ఫ్రైకెన్‌బర్గ్ అనే చరిత్రకారుడు 1788 నుంచి 1848 దాకా గుంటూరు జిల్లా మీద ఒక పెద్ద పుస్తకమే రాశాడు, 1965లో అచ్చయింది. అందులో అసలు కథానాయకులు కలెక్టర్లు కారు, ఈ కిందివాళ్లే.

‘కలెక్టరు’ మాటే తీసుకుంటే, శిస్తు వసూలు చేసేవాడని దానర్థం. శిస్తు అనేది ఇప్పుడు లెక్కలోకి వచ్చే సొమ్మా? అయినా పేరు చెక్కుచెదరలేదు. పత్రికలు జిల్లా పాలనాధికారి అని రాసి చూశాయి. అలా అని నోటితో అన్నవాణ్ని నేను చూడలేదు.

జూన్ 15, ఆదివారం

కరణంగారింటి సందులో పెళ్లికి వెళ్లొచ్చాను. ఆ ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు లేపారు, కాలేజీ పిల్లల హాస్టలు. ఆటోవాడు మాత్రం ‘కరణంగారింటి సందు’ అంటేనే తీసుకెళ్లాడు. వాడు పుట్టేనాటికి రాష్ట్రంలో కరణమే లేడు.

1984 జనవరి 6న ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు పదవులన్నీ ఒక్క వేటున తీసేసింది. వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా లాభం లేకపోయింది. మా నాన్న ఆ వార్త రేడియోలో విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అన్నాడు: “ఇక అడంగల్ ఎవరింట్లో ఉండిద్దిరా?” ఆయన దిగులు మనిషి గురించి కాదు, పుస్తకం గురించి.

నిజానికి మిరాసీకి మొదటి గొడ్డలి దెబ్బ పడ్డది మన జిల్లాలోనే. తెనాలి తాలూకాలో పెరవలిపాలెం అని కొత్త గ్రామం ఏర్పడితే మునసబు ఎవరన్న తగాదా వచ్చింది. 1895 నాటి మద్రాసు చట్టం ప్రకారం పాత మునసబు వంశానికే ఇవ్వాలన్నారు. గాజుల దశరథరామారావు గారు సుప్రీంకోర్టుకెక్కారు. గ్రామోద్యోగం కూడా సర్కారు ఉద్యోగమే, దానికి వంశం చూడటం రాజ్యాంగానికి విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పొచ్చింది. న్యాయశాస్త్రం చదివే పిల్లలు దేశమంతా ఈ కేసు వల్లిస్తారట. పెరవలిపాలెం ఎక్కడుందో చెప్పమంటే మాత్రం ఎంతమంది చెబుతారో.

కరణాలంటే మనకి సామెతలూ శతక పద్యాలూ అన్నీ ఎత్తిపొడుపులే. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 1921-22లో పెదనందిపాడు పన్నుల నిరాకరణలో ఆ చుట్టుపక్కల కరణాలూ మునసబులూ మూకుమ్మడిగా రాజీనామాలిచ్చారు. తరాల మిరాసీ పోతుందని తెలిసే ఇచ్చారు. ఎవరు ఎంత కట్టాలో చూపించేవాడు లేక కలెక్టరు రూథర్‌ఫర్డ్ దొర ఉక్కిరిబిక్కిరయ్యాడు. పర్వతనేని వీరయ్య చౌదరి పేరు తలుచుకునేవాళ్లున్నారు గానీ, ఆ కాగితాల మీద సంతకం పెట్టిన కరణాలని తలిచే దిక్కు లేదు.

84 తర్వాత ఆ అరుగు మీద ఎన్ని పేర్లు కూర్చున్నాయో! గ్రామ సహాయకుడు, వీఏవో, పంచాయతీ సెక్రటరీ, వీఆర్వో. తెలంగాణలో 2020లో వీఆర్వోని కూడా తీసేశారు. అక్కడి మా వియ్యంకుడు పాతకాలం సంగతి చెబితే ఇప్పటికీ పట్వారీ, పటేలు అనే అంటాడు. మా వీధి పెద్దాయనకి ఈ బాధ లేదు. ఎవరొచ్చినా “కొత్త కరణం దిగాడంట” అంటాడు. మొన్న దిగింది ఇరవై ఆరేళ్ల అమ్మాయి. “ఈసారి ఆడపిల్ల కరణం” అన్నాడు, అంతే.

జూన్ 20, శుక్రవారం

రాయపూడి రోడ్డు వైపు నడిచాను. నిరుడు పొక్లెయిన్లు పెట్టి తుమ్మ పెకలించినచోట మళ్లీ మోకాలెత్తు లేచింది. సర్కారు తుమ్మ. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పెట్టరు, పీకితే పోదు. పేరు పెట్టినవాడెవడో గడుసువాడు.

మన గుంటూరే ఒక సర్కారు. ఉత్తర సర్కారులు ఐదింట్లో ఆఖరుకి 1788లో కంపెనీ చేతికి చిక్కింది మనదే. ఇప్పుడు ప్రభుత్వం, గవర్నమెంటు, గౌర్మెంటోళ్లు. ‘సర్కారు’ పేపరు హెడ్డింగుల్లో మిగిలింది, తుమ్మచెట్టు మీద మిగిలింది.

జూలై 1, మంగళవారం

ఒకటో తారీఖు. తెల్లారేసరికే సచివాలయం అమ్మాయి స్కూటీ మీద వచ్చేసింది, పింఛను పంచడానికి. పక్కింటి పెద్దమ్మ వేలు మిషన్‌కి ఆనలేదు. అరిగిపోయిన వేళ్లు, మిరపకాయలు కోసిన వేళ్లు. అమ్మాయి తన దగ్గరున్న తడిగుడ్డతో ఆవిడ బొటనవేలు తుడిచి, ఊది, మళ్లీ పెట్టించింది. నాలుగోసారికి పచ్చలైటు వెలిగింది. నాలుగు వేలు లెక్కపెట్టి చేతిలో పెట్టింది.

“ఏమే సచివాలయం పిల్లా, టీ తాగి పో.”

“ఇంకా చాలా ఇళ్లున్నాయి మామ్మా, వస్తా.”

ఆ పిల్ల బీటెక్ చదివి, పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకున్న ప్రభుత్వోద్యోగి. ఆవిడ నోట ‘పిల్లా’. ఇదే పెద్దమ్మ మొన్న మండలాఫీసుకొచ్చినప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండరుని “అయ్యా, బాబుగారూ, సారూ” అని మూడు పిలుపులూ ఒక్క ఊపిరిలో పిలిచింది. జీతం చూస్తే అమ్మాయిదే ఎక్కువేమో.

నాకు తోచిందిది. మనం ఎవరి దగ్గరికి పోవాలో వాడికి ‘గారు’ పెడతాం. మన దగ్గరికి ఎవరొస్తారో వాడికి తీసేస్తాం. చదువు, జీతం, హోదా అన్నీ తర్వాత. 2019 ఆగస్టు 15న వాలంటీర్లు వచ్చారు, 50 ఇళ్లకొకరు చొప్పున. ఐదేళ్లలో ఒక్కరన్నా ‘వాలంటీరు గారు’ అన్నారా? వాలంటీరబ్బాయి, మన వాలంటీరు పిల్ల, ఫలానా వాళ్ల కోడలు. ఇంటికొచ్చి పని చేసి పెట్టినవాడు ఇంట్లోవాడైపోతాడు, ఇంట్లోవాడికి గౌరవం ఏంటి? 2024లో ప్రభుత్వం మారాక వాళ్లు లేరు. ‘గారు’ లేకుండానే వచ్చారు, లేకుండానే పోయారు.

దీనికి అడ్డుమాట నేనే చెప్పుకున్నాను: కరణం ఊళ్లోనేగా ఉండేవాడు, ఆయనకి ‘గారు’ ఎట్టా వచ్చింది? ఉండటం మన వీధిలోనే, కానీ ఆయన మన గడప తొక్కేవాడు కాదు. మనమే ఆయన అరుగు దగ్గర చెప్పులు విడిచేవాళ్లం. మన గడపకొచ్చేవాడు తలారి, వెట్టి. వాళ్ల పేరు చివర ‘గాడు’ అని కూడా తగిలించేవాళ్లు. అందులో కులం ఉంది, మర్యాద లెక్క ఒక్కటే కాదు. అది దాటేసి దూరం, దగ్గర అని సిద్ధాంతం అల్లితే అబద్ధమాడినట్టే.

లైన్‌మన్ది ఇంకో రకం. పగలు స్తంభం ఎక్కితే “ఏందబ్బాయ్, మళ్లీ తీశావా?” రాత్రి కరెంటు పోతే ఫోనులో “లైన్‌మన్ గారూ, మీరే దిక్కు.”

జూలై 4, శుక్రవారం

మా పిన్ని కొడుకు పనిమీద వెలగపూడి వెళ్లాను. ఆటో ఎక్కి “సచివాలయానికి పోనీ” అన్నాను.

“ఏ సచివాలయం బాబాయ్? పెద్దదా, ఊరిదా?”

రాష్ట్రం మొత్తానికి ఈ ప్రశ్న ఎక్కువ పడేది ఇక్కడే. హైదరాబాదు నుంచి 2016లో రాష్ట్ర సచివాలయం వెలగపూడికొచ్చింది. 2019 అక్టోబరు 2న ఊరూరా గ్రామ సచివాలయాలు పెట్టారు, ఆ లెక్కన వెలగపూడికీ ఒకటి. ఒకే ఊరు, ఒకే పేరు. ఒకదాంట్లోకి పాసు లేనిదే పోనివ్వరు, ఇంకోదాని గుమ్మం ముందు మేకలు పడుకుంటాయి.

సెక్రటరీ గారి తమాషా ఇంకా బాగుంటుంది. ఒకబ్బాయి ఫోనులో ఎవరికో చెబుతున్నాడు: “సెక్రటరీ గారు మీటింగులో ఉన్నారంట, మధ్యాహ్నం రమ్మన్నారు.” పక్కన కూర్చున్నాయన నోరెళ్లబెట్టి, “ఏ శాఖ సెక్రటరీ అండీ?” అని వినయంగా అడిగాడు. “మా పంచాయతీ సెక్రటరీ అండీ. చెత్తబండి గురించి” అన్నాడు వీడు. ఆయన మొహంలో వినయం అప్పటికప్పుడే ఆరిపోయింది.

తెలుగులో రాసినా చిక్కు తీరదు. ఆయనా కార్యదర్శే, ఈయనా కార్యదర్శే. ముందు ప్రధాన అనో ముఖ్య అనో తగిలిస్తే తప్ప కొండకీ గుట్టకీ తేడా తెలీదు. పాత పుస్తకాల్లో సచివుడంటే మంత్రి. ఇవాళ సచివాలయంలో సర్వేయరు, ఏఎన్ఎం, వెల్ఫేర్ అసిస్టెంటు, డిజిటల్ అసిస్టెంటు ఉంటారు. సర్పంచిని మన వైపు ఇప్పటికీ ప్రెసిడెంటు గారనే అంటాం. ఢిల్లీలో ఒకరు, ఊరికొకరు.

మాటలు ఇలా కిందికి దిగడం కొత్తేమీ కాదు. కృష్ణ ఒడ్డునే పైకి పోతే నాగార్జునకొండ. అక్కడి మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల శాసనాల్లో మహాతలవరులు కనపడతారు, రాజుల ఇంటి అల్లుళ్లు, మహాసేనాపతులు. ఆ తలవర మాటే మన తలారి అయిందని పండితులు చాలామంది చెబుతారు. రాజు పక్కన కూర్చున్న మాట, చివరికి రాత్రిళ్లు కర్ర పట్టుకుని ఊరు తిరిగింది. ఇప్పటి సెక్రటరీకి ఇంకో వెయ్యేళ్లు ఇచ్చి చూడాలి.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. పేలాల పిండి దంచారు. ఇదివరకు ఈ పండక్కి పాలేళ్లతో జీతాలూ కౌళ్లూ మాట్లాడుకోవడం, పత్తి విత్తనం సంగతి చూసుకోవడం ఉండేవి. ఇప్పుడు పొలం సీఆర్‌డీఏ మ్యాపులో ప్లాటు నంబరు.

2015 మొదట్లో రాజధాని కోసం భూసమీకరణ చేసిన రోజులు గుర్తొచ్చాయి. ఊరూరికీ డిప్యూటీ కలెక్టర్లని వేశారు. కాగితాల్లో వాళ్ల పేరు ‘కాంపిటెంట్ అథారిటీ’. ఆ మాట ఎవరి నోటా తిరగలేదు, డిప్టీ కలెక్టరు గారనే అన్నారు. కానీ ఆ రెండు నెలలూ పిలుపులు తిరగబడ్డాయి. షామియానా కింద కుర్చీలు వేసుకుని వాళ్లే మా కోసం కూర్చున్నారు. “రండి చౌదరి గారూ, కూర్చోండి మాస్టారూ, మజ్జిగ తీసుకోండి.” పాసుపుస్తకం చేత్తో పట్టుకుని మేం పోతే ఎవరూ లేవని ఆఫీసుల్లోంచి వచ్చినవాళ్లు, మేం వస్తే లేచి నిలబడ్డారు. అంగీకార పత్రం మీద సంతకం అయ్యేదాకా రైతు ‘గారు’. ఎందుకంటే పోవాల్సింది వాళ్లు, రావాల్సింది మా దగ్గరికి.

అప్పుడొచ్చిన ఒప్పందంలో మాట భలే కుదిరింది: కౌలు. మెట్ట ఎకరాకి ఏడాదికి 30 వేలు, జరీబుకి 50 వేలు, ఏటా పెంపు, పదేళ్లు. మా నాన్నకి కౌలు కట్టినవాళ్లున్నారు, మా నాన్న కట్టిన కౌళ్లూ ఉన్నాయి. సర్కారు వచ్చి మాకు కౌలు కడుతుందని ఎవరనుకున్నారు? లెక్క ప్రకారం సర్కారే మా కౌలుదారు. కౌలుదారుని ఎవరన్నా ‘గారు’ అంటారా? టీకొట్టు దగ్గర ఈ మాటంటే అందరూ నవ్వారు. ఒకాయన నవ్వలేదు. “కౌలు ఆలస్యమైతే అడగటానికి మాత్రం మళ్లీ మనమే పోతున్నాంగా” అన్నాడు.

జూలై 14, సోమవారం

మనవరాలు గ్రూప్-2కి చదువుతోంది. పాలనా పదాల జాబితా ముందేసుకుని వల్లిస్తోంది. డైరెక్టరంటే సంచాలకులు, సూపరింటెండెంటంటే పర్యవేక్షకులు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరంటే కార్యనిర్వాహక ఇంజనీరు. “ఇవెవరన్నా అంటారా తాతయ్యా?” అంది.

వావిలాల గోపాలకృష్ణయ్య గారి గురించి చెప్పాను. సత్తెనపల్లి మనిషి, నాలుగుసార్లు అక్కడ ఎమ్మెల్యే. 1966లో అధికార భాషా చట్టం వచ్చినా ఫైలు ఇంగ్లీషులోనే నడిచేది. 1974లో అధికార భాషా సంఘం పెట్టి ఆయన్ని మొదటి అధ్యక్షుణ్ని చేశారు. ఖద్దరు బట్టలు, చేతిలో సంచీ, ఆఫీసు ఆఫీసుకీ తిరిగి తెలుగులో రాయమని వెంటపడ్డాడు. ఆయన కోరిక నాకు నచ్చుతుంది. పదాల జాబితాలు నచ్చవు. ఆయన కోరింది రైతుకి అర్థమయ్యే ఉత్తరువు. జాబితాలు చేసినవాళ్లు రైతుకి తెలిసిన డైరెక్టరుని వదిలేసి తెలియని సంచాలకుణ్ని తెచ్చారు. తాఖీదు, దస్త్రం, రసీదు, జమాబందీ అన్నీ ఎక్కణ్నుంచో వచ్చినవే, ఊరి నోట నలిగి తెలుగైపోయాయి.

ఈలోగా దొండపాడు నుంచి ఒక రైతు వచ్చాడు, ప్లాటు హద్దుల సంగతి. అర్జీ ఇవ్వాల్సిన అధికారి ఆవిడ. అలవాటు చొప్పున ‘ఆర్యా’ అని మొదలుపెట్టాను. మనవరాలు భుజం మీంచి చూస్తోంది.

“ఆవిడని ఆర్యా అంటావేంటి తాతయ్యా?”

“అయితే ‘అమ్మా’ అంటాను.”

“ఆఫీసరు మగాయన అయితే ‘నాన్నా’ అని రాస్తావా?”

రైతు పకపకా నవ్వాడు. “నేనైతే మేడం గారూ అంటా పాపా. మేడంకి మేడమూ, గారికి గారూ.” రెండు భాషల్లో రెండు దణ్ణాలు. ఆమాటకొస్తే ‘సార్ గారు’ కూడా ఊళ్లో వింటూనే ఉన్నాం.

చివరికి సంబోధన ఎత్తేశాను. హోదా రాసి, ‘గారికి’ పెట్టి, సర్వే నంబరుతో విషయంలోకి దిగాను. పావు పేజీలో అయిపోయింది. రైతు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇంతేనా మాస్టారూ? అంత పెద్ద ఆఫీసరు దగ్గరికి పోతా ఇంత బోసిగానా? ఒక రెండు ముక్కలు మర్యాదగా తగిలించండి.”

‘తమ దయగల పరిశీలనకు’ అని పైన ఒకటి, ‘సదా కృతజ్ఞుడను’ అని కింద ఒకటి తగిలించాను. మనవరాలు మూతి తిప్పుకుని సంచాలకుల దగ్గరికి వెళ్లిపోయింది. రైతు ఇరవై రూపాయలు బల్లమీద పెట్టబోతే వద్దన్నాను. కాగితం మడవకుండా రెండు చేతులా పట్టుకుని ఆఫీసు మెట్లెక్కాడు.